ఈకలకు అంటిన రంగు

ఆదోని
12-12-1954

అయ్యన్న మామకు ఉరుకుందు రాస్తాండా.

బస్సు కాడ సెప్పల్లనుకున్నవి సెప్పలేకపోయినా. అందరూ మన పక్కే సూస్తాండ్రి, నాకు నోరు పెగల్లేదు. కార్డు మీదైతే నా మొగం ఎవరూ సూడరు గదా. నేను మూడో తరగతిలోనే బడి మానేసినానని నీకు తెలుసు, తప్పులుంటే నవ్వొద్దు. అత్తకు సదివి ఇనిపీ.

నాయనను పెద్దాసుపత్రిలో సేర్చుకున్నారు. రొమ్ములో క్షయ అన్నారు. దినామూ సూది ఏయల్లంట. ఎండాకాలం దాంకా ఈడ్నే ఉండల్లంట. అమ్మా నేనూ ఆసుపత్రి ఎనక వీధిలో రూము తీసుకున్నాము. నేను పత్తి జిన్ను మిల్లులో గింజలు ఊడ్సే పనికి సేరినా. ముక్కులో దూది పోతాది, తుమ్మి తుమ్మి సస్తాండా. రూమాయన పిట్టా కుక్కా కూడదన్నాడు. లేకుంటే పావురాలను నీ కాడ ఇడిసేటోణ్ణే కాదు.

అవి ఐదు. బెల్లం రంగుది బెల్లమ్మ. తెల్లగా ఉండేది సున్నపోడు. కండ్ల సుట్టూ నల్లగా గీసినట్లుండేది కాటుక. కడమవి రెండు పిల్లలు. తెల్లారి జొన్నలు ఒక పిడికెడు, సాయంత్రం ఒక పిడికెడు. నీళ్లు మూకుట్లో పొయ్యి, సెంబులో పోస్తే తల ఇరుక్కుంటాది. మీ పక్కింటి పిల్లిని నమ్మొద్దు.

మీ ఇంటికీ మన ఇంటికీ మద్దెన నాలుగు వీధులే. ఇడిస్తే నేరుగా మన ఇంటికే పోతాయి. తాళమేసిన ఇంటి కాడ వాటికి గింజలేసేది ఎవరు? అందుకని రెక్కలు కట్టి పెట్టు. నేనే వచ్చి ఇప్పుతా.

ఇంకోటి రాయల్ల. కోపం సేసుకోవద్దు మామా. ఆదివారం ముక్క లేందే నీకు ముద్ద దిగదని ఊరికంతా తెలుసు. పోయిన పండగకు బెల్లమ్మను అరసేతిలో పెట్టుకోని "ఇది సేరు తూగుతాదిరా" అన్నావు. నువ్వు నవ్వతా అన్నావు. నేను నవ్వలేదు.

నీ మేనల్లుడు
ఉరుకుందప్ప


ఎమ్మిగనూరు
20-12-1954

ఏమప్పా ఉరుకుందూ, బాగుండావా.

నీ కార్డు వచ్చింది. నాకంటే ముందు పోస్టాయన సదివినాడు, ఆయన కంటే ముందు ఆయన పెండ్లాం సదివినట్లుండాది. నేను మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూసోనే ఉండా, వీధిలో పోయేటోళ్లు "ఏం అయ్యన్నా, పావురం సేరు తూగుతాదా?" అని అడిగిపోతాండారు. ఇంకోసారి ఇట్లాంటివి రాస్తే కవరులో పెట్టి అతికీరా సామీ. నీ మొగం ఎవరూ సూడకపోతిరి గానీ నా మొగం ఊరంతా సూసె.

నీ పిట్టలు బాగుండాయి. నా పండ్లు వాటి కోసమే మొలిసినాయా? వెదురుబుట్ట పెద్దది అల్లించి వసారాలో పెట్టినా. మీ అత్త దేవక్క ఒగదాన్ని పట్టుకుంటే నేను రెక్కలు కట్టినా. ఎవరి కాడో అడుక్కునే పని లేదు, మన మగ్గం మింద పడుగు నూలే. గంజి పట్టి తంతి మాదిరి ఉండాది. తెంపల్లంటే కత్తెర కావల్ల. నువ్వు వచ్చి ఇప్పల్లంటివి గదా, ఇప్పుదువు గాని.

మీ నాయనను మనసు సిన్నది సేసుకోవద్దని సెప్పు. గిడ్డయ్య బావ లేక మా వీధిలో పేకాట కూడా సప్పగా ఉండాది.

మీ అమ్మను ఒగసారి నా కాడికి వచ్చిపొమ్మను. పని ఉండాది. నీకు కాదు, ఆమెకు.

మీ మామ
అయ్యన్న


ఆదోని
16-1-1955

మామకు,

ఈసారి కవరులోనే పెట్టినా. జిన్నులో గుమాస్తాయన కాడ బంక అడిగి అతికిచ్చినా.

నాయనకు దగ్గు తగ్గలేదు. రేత్రి దగ్గేటప్పుడు గోడ పక్కకు తిరుక్కుంటాడు, అమ్మకు ఇనపడకూడదని. పొద్దున నర్సమ్మ వచ్చి సూది అంటే మాత్రం తానే సెయ్యి సాపుతాడు. "ఒగో సూదికి ఒగో అడుగు మన ఇంటి పక్కకు పోతాండా" అంటాడు. ఇల్లు, ఇల్లు, అదే మాట. మిద్దె మీద మన్ను కారిపోయిందేమో, వానలకు ముందే కొత్త మన్ను ఏయల్ల అంటాడు.

మామా, నాకు కొన్ని తెలీకుండా ఉండాయి. అడుగుతా.

బట్టల మూటలు తెచ్చే ఈరన్న ఉండాడే, మీ వీధాయన, ఆయన జిన్ను కాడ కనపడినాడు. మా పావురాలు ఎట్లుండాయి అన్నా అని అడిగినా. "మీ మామ వసారాలో బుట్ట ఉండాది గానీ దాంట్లో ఉల్లిగడ్డలు పోసినారప్పా" అన్నాడు. ఉల్లిగడ్డలు! అదేందన్నా అంటే "నేను సరిగ్గా సూడలేదులే" అన్నాడు. సరే మా ఇల్లన్నా సూసినావా అంటే పక్కకు సూసి, "ఆ, ఉండాది" అని మూట ఎత్తుకోని ఎళ్లిపోయినాడు. ఇల్లు ఉండక యాడికి పోతాది? ఆయప్ప అట్ల యాల అన్నాడు?

రెండోది. కొత్త సంవత్సరం నాడు అమ్మ దుప్పట్లు తెస్తానని మీ కాడికి వచ్చింది. దుప్పట్లు తేలేదు. పావురాలు సూసినావా అమ్మా అంటే, పొయ్యిలో ఊదతా కూసుంది. పొయ్యి మండతానే ఉండాది మామా, ఊదే పని లేదు.

నేను నిన్ను అనుమానపడతాండానని అనుకోవద్దు. అనుమానం కాదు. ఐదిటి ఈకలు ఐదు కవరులో పెట్టి పంపు. పెరకొద్దు, రాలినవే. నాయన కూడా సూడల్లంటాండాడు.

ఉరుకుందప్ప


ఎమ్మిగనూరు
23-1-1955

ఓరే ఉరుకుందూ,

నీకు పోలీసు పని ఇయ్యల్ల. జిన్నులో ఎందుకు ఊడుస్తాండావు, కర్నూలుకు పో, కొత్త రాజధానిలో పిలిసి టోపీ పెడతారు.

ఉల్లిగడ్డలు మీ అత్త ఆరబెట్టింది. పిట్టలను అప్పుడు బయట పెట్టిండె. ఈరన్నకు రెండు కండ్లుండీ ఒకటే సూస్తాడు, ఆయన మాట పట్టుకోని నన్ను నిలదీస్తాండావు. ముందర నిలబడితే నా మొగం తట్టు కూడా సూడనోడివి, కాయితం దొరికితే ఎంత నోరురా నీకు!

ఇదిగో ఈకలు. నాలుగు ఉండాయి. తెల్లది సున్నపోడిది, నల్ల గీతది కాటుకది, సిన్నవి పిల్లలవి. బెల్లమ్మ గుడ్ల మీద కూసోనుండాది, దాన్ని కదిలిచ్చకూడదు. దాని ఈక తరవాత పంపుతా.

మీ అమ్మను ఏమీ అడగొద్దు. ఆమెకు ఉండే కష్టాలు సాలు. సరేనా.

నాయనకు పేకముక్కలు పంపుతాండా ఈరన్న సేతికిచ్చి. ఆసుపత్రోళ్లు తిడితే దిండు కింద పెట్టుకోమను.

అయ్యన్న


ఆదోని
30-1-1955

మామకు,

ఈకలు వచ్చినాయి. నాయన సేతికిస్తే ఒగటొగటే ముక్కు కాడ పెట్టుకోని వాసన సూసినాడు. సున్నపోడిది మీసం మీద రుద్దుకోని నవ్వినాడు. శానా దినాలకు నవ్వినాడు. ఈకలు దిండు కింద పెట్టుకున్నాడు. అందుకు నీకు దండం.

కానీ మామా, గుడ్ల సంగతి నువ్వు సరిగ్గా సెప్పలేదు. బెల్లమ్మ కుండలో తప్ప యాడా గుడ్లు పెట్టదు. మన వసారాలో దూలానికి కట్టిన కుండే దానిది. నాయన ఒగసారి ఆ కుండ మారిస్తే నెలంతా పెట్టలేదు. కుండలన్నీ మన ఇంటి కాడ ఉండాయి, బయటి గోడ తలుపుకు తాళమేసిన వసారాలో. నీ బుట్టలో అది గుడ్లు యాడ పెట్టింది?

ఇంకోటి. సున్నపోడి ఈక కొసన రంగు ఉండాది. చిలకపచ్చ రంగు. గోరుతో గీకితే పెచ్చు లేసింది. అది తలుపులకు పూసే నూనె రంగు. మీ ఇంట్లో తలుపుకు రంగే లేదు. మన ఇంట్లోనూ లేదు. మీ వీధిలో ఎవురికీ లేదు, నాకు తెలుసు, పదైదేండ్లు ఆ వీధుల్లోనే తిరిగినా.

మరి సున్నపోడు ఎవరింట్లో ఉండాడు? అమ్మినావా? ఎవరికి? మళ్లా కొనుక్కుంటా, పేరు సెప్పు సాలు. బెల్లమ్మ ఈక యాల రాలేదో నేను అడగను. అడిగితే నువ్వు ఏం సెప్తావో అని భయమైతాండాది.

నాయనకు రంగు కనపడలేదు. ఇంకా కనపడలేదు.

ఉరుకుందప్ప


ఎమ్మిగనూరు
4-2-1955

ఉరుకుందుకు,

పీర్ల సావిడికి రంగు ఏసినారు. ఆడికి పోయి వాలింటాది. రెక్కలు కట్టినా పిట్ట పిట్టే గదా, గెంతతా పోతాది.

ఇంతకంటే ఏం రాయను. పడుగు పూర్తి సేయల్ల, నేతగాళ్ల సంఘంలో బట్ట అప్పజెప్పల్ల. మీ అత్త ఆదివారం ఆడికి వస్తాది, మీ నాయనకు సారు తెస్తాది. తాపు. యాడిది, ఏందిది అని దాన్ని పీడించొద్దు.

అయ్యన్న


ఆదోని
20-2-1955

మామా,

నేను ఈ జాబు మూడుసార్లు రాసి సింపేసినా.

రెక్కలు కట్టిన పిట్ట మీ ఇంటి నుంచి పీర్ల సావిడి దాంకా గెంతతా పోయిందని రాసినావు. మద్దెన సంతబజారు ఉండాది, కుక్కలుండాయి. సిన్నపిల్లోడికి సెప్పినా నమ్మడు.

అత్త వచ్చింది. క్యారీరులో సారు తెచ్చింది. మిరియాలు ఏసి, ఎల్లిపాయ ఏసి, నూనె పైన తేలతా ఉండె. ముక్కలు సిన్నవి. ఎముకలు సన్నవి. ఇదేం మాంసం అత్తా అన్నా. "తాగనీ నాయనా, అడగొద్దు" అని కొంగు నోట్లో పెట్టుకుంది. కండ్లలో నీళ్లు.  అమ్మా ఆమే ఒగరి మొగం ఒగరు సూసుకున్నారు.

మా వార్డులో పక్క మంచం ముసలాయన అన్నాడు, "పావురం సారు తాపితే సచ్చేటోడు కూడా లేసి కూసుంటాడు" అని. 

మామా, నాయన అదంతా తాగినాడు. రెండు పూట్లా తాగినాడు. మరుసటి దినం దిండు ఆనుకోని కూసున్నాడు. పోయిన అమాస నుంచి ఆయన కూసోనిందే లేదు. "ఉరుకుందూ, సెయ్యి పట్టు" అని వాకిలి దాంకా నడిసినాడు. అమ్మ గోడకు ఒరిగి ఏడ్సింది. నేను కూడా ఏడ్సినా, కానీ నేను దేనికి ఏడుస్తాండానో నాకు తెలీలేదు.

అది బెల్లమ్మే అయితే నేను ఏమనల్ల? నాయన నడిసినాడు గదా అని ఊరకుండల్లనా? నన్ను అడిగింటే ఇచ్చేటోణ్ణేమో. ఇచ్చేటోణ్ణి కాదేమో. అయినా అడగల్ల గదా మామా. సిన్నోణ్ణని, నోరు లేనోణ్ణని అడగలేదా?

నువ్వు నిజం సెప్పకుంటే వచ్చే ఆదివారం పని మానేసి బస్సెక్కి వస్తా. నేరుగా మన ఇంటికి పోయి కుండలు సూస్తా. తాళంచెవి అమ్మ పెట్టెలో లేదు. వెతికినా. అది నీ కాడ ఉండాదా?

ఉరుకుందప్ప


ఎమ్మిగనూరు
25-2-1955

ఉరుకుందూ,

రావద్దు. నువ్వు వచ్చి ఆ వాకిట్లో నిలబడితే నేను సూడలేను. ముందు ఇది సదువు. మీ అమ్మ నా సేతిలో సెయ్యి ఏయిచ్చుకుంది, నీకు సెప్పొద్దని. మాట తప్పుతాండా. ఆమె కాడ తరవాత తిట్లు తింటాలే.

సారు కోడిది. మీ అత్త పెంచిన గుడ్లకోడి, మెడ మీద ఈకలు లేనిది, నీకు తెలుసే, దాని ఎనకాల "రాణీ రాణీ" అని తిరుగుతాంటాది. దాన్నే కోసింది. కోడి పేరు సెప్తే గిడ్డయ్య బావ తాగడు, గుడ్లు పెట్టేదాన్ని కోస్తారా అని రచ్చ సేస్తాడు. అందుకే నోట్లో కొంగు పెట్టుకుంది. నువ్వేమో దాన్ని పావురం సేసినావు. మూడు దినాలు అన్నం తినలేదురా ఆమె, కోడి కోసం.

ఇప్పుడు నీ పిట్టలు. రెక్కలు కట్టినాననేది నిజమే. వారం కాలేదు, ఒగ పొద్దున లేసి సూస్తే బుట్ట ఖాళీ. మూత ముక్కుతో తోసేసినాయి. కింద నూలు పోగులు, నమిలి నమిలి ఉండాయి. నేను ఊగిపోయినా, తంతి మాదిరి నూలు ఎట్ల తెగిందబ్బా అని. మీ అత్త ఒగ పోగు నోట్లో పెట్టుకోని సప్పరించి, "గంజి జొన్నపిండిదే గదా. వాటికి గింజలు రెక్కకే కట్టినావు మొగుడా, కూసోని తినినాయి" అనింది. పుట్టినప్పటి నుంచి పడుగుకు గంజి పెడతాండా. అది తిండి అని నాకు తట్టలేదురా. గంజి లేని నూలు ఇంట్లో ఉంటే గదా.

యాడికి పోయినాయో నీకు తెలుసు. మీ ఇంటికే. కుండల్లోకే. పట్టుకొచ్చి ఈసారి నారతో కట్టినా. నార రెక్క కింద కోసింది. సున్నపోడికి రక్తం వచ్చింది. మీ అత్త తిట్టి అన్నీ ఇప్పేసింది. మళ్లా పోయినాయి.

పోతే పోనీ, ఆడికే పోయి గింజలేస్తే సరిపాయె అని నీకు రాసేటోణ్ణే. రాయలేకపోయినా. ఎందుకంటే అప్పటికి ఆ ఇల్లు మనది కాదు.

అది మీ అవ్వ మీ అమ్మ పేరు మీద పెట్టిన ఇల్లు. మీ అమ్మ దుప్పట్లకు రాలేదురా. ఇల్లు అమ్మిన కాయితం మింద ఏలిముద్ర ఏసిపోయింది. సూదులు ఊరకే రావు. నేను వద్దంటి. నా మగ్గం అమ్ముదామంటి. "మగ్గం అమ్మితే నువ్వు తినేదేంది" అనింది. ఇల్లు కొన్నోళ్లు పత్తికొండ తట్టు నుంచి వచ్చినోళ్లు. వచ్చినోళ్లు వచ్చినట్లే తలుపులకు, కిటికీలకు, వసారా దూలాలకు చిలకపచ్చ రంగు పూసినారు. ఆ రంగు ఆరకముందే నీ సున్నపోడు పోయి వాలినాడు. పీర్ల సావిడికి ఎవురూ రంగు ఏయలేదు.

ఇప్పుడు తెల్లారితే నేను, సాయంత్రమైతే మీ అత్త, పిడికెట్లో జొన్నలు పట్టుకోని పరాయోళ్ల వాకిట్లో నిలబడతాండాము. మొదట ఆ ఇంటి ముసలామె సుంకులమ్మ నన్ను దొంగనుకోని సీపురు ఎత్తింది. "మా ఇంటి కాడ సేతబడి గింజలు సల్లుతాండావా!" అని గుంపు సేసింది. సంగతి సెప్పినాక సీపురు దించింది. ఆమె కొడుకు కుండలు పగలగొట్టి దూలం నున్నగా సేస్తానంటే, "గుడ్ల మీద ఉండేదాన్ని లేపితే నీ ఇంట్లో అన్నం తినను" అని అడ్డం కూసుంది. అవునురా, బెల్లమ్మ అప్పుడు గుడ్ల మీదే ఉండె, ఇప్పుడు పిల్లలు సేసింది. దాని కుండలోనే. అందుకే దాని ఈక రాలేదు. అబద్ధాలన్నిట్లో అదొగటి నిజం.

మీ నాయనా నువ్వూ నేసే మగ్గం నా ఇంట్లో ఉండాది, గుడ్డ కప్పి పెట్టినా. దాన్ని ఎవరికీ ఇయ్యలే.

మీ నాయనకు ఇల్లు పోయింది తెలీదు. తెలిస్తే సెయ్యి సాపడు సూదికి. మీ అమ్మకు ఉండే భయమంతా అదే. నీకు తెలిస్తే నీ మొగంలో కనపడతాదని నీకూ సెప్పలేదు. నువ్వు నోరు లేనోడివి కాదురా. నీ మొగానికే నోరు ఎక్కువ.

ఇప్పుడు సెప్పు. పిట్టలను పట్టుకోని ఆదోనికి తీసుకురమ్మంటావా? ఈడ ఎవరికన్నా పెంచుకోను ఇయ్యమంటావా? నీవి అవి. నువ్వు ఎట్లంటే అట్ల. ఈసారి అడుగుతాండా.

మీ మామ
అయ్యన్న


ఆదోని
6-3-1955

మామకు,

నీ జాబు జిన్ను ఎనక గింజల కుప్ప కాడ కూసోని సదివినా. మళ్లా సదివినా. తుమ్ములు వచ్చినాయని అందరికీ సెప్పినా, కండ్లు ఎర్రగా ఉంటే.

అత్తకు నా దండాలు సెప్పు. రాణి సంగతి నాకు తెలీదు. తెలిసింటే ఆ క్యారీరు కాడ అట్ల మొగం పెట్టేటోణ్ణి కాదు. బెల్లమ్మ పిల్లలు పెద్దవైతే ఒగటి అత్తకు. గుడ్లు పెద్దగా ఉండవు గానీ ఎనకాల తిరుగుతాది.

నిన్ను అనుమానపడినా. అది కూడా నిజమే, అనుమానం కాదని రాసింది అబద్ధం.

పిట్టలను పట్టొద్దు, కట్టొద్దు, ఎవరికీ ఇయ్యొద్దు. వాటికి ఇల్లు అమ్మినట్లు తెలీదు. ఆన్నే ఉండనీ. మన ఇంట్లో మనోళ్లు ఎవరో ఒగరు ఉన్నట్లుంటాది. నా వారం కూలిలో జొన్నలకు పంపుతా, ఈరన్న సేతికిస్తా. సుంకులమ్మవ్వకు సెప్పు, ఆ కుండలు కట్టిన తాళ్లు మెత్తబడింటాయి, నాయన ఏటా ఉగాదికి మార్సేటోడు. ఈసారి నువ్వు మార్చు. లేకుంటే కుండతో పాటు పిల్లలు కింద పడతాయి.

నాకు తెలిసిందని అమ్మకు సెప్పొద్దు. ఆమె నా కాడ దాచుకున్నదాన్ని నేను తీసుకున్నట్లైతాది. ఆమె ఊదతానే ఉండనీ పొయ్యి.

నాయన ఇప్పుడు సొంతంగా వాకిలి దాంకా నడుస్తాండాడు. డాక్టరు ఇంకా రెండు నెలలు అన్నాడు. ఆయన ఇంటికి పోయే దినం మనం ముగ్గురం ఏమి సెప్పల్లనో నాకు తట్టలేదు. నువ్వు ఆలోచన సేయి, నేనూ సేస్తా. నీ వసారా పెద్దదే గదా, మగ్గం ఆడ ఉండాది గదా.

ఒగ సంగతి జరిగింది. నిన్న నాయన దిండు కింద నుంచి సున్నపోడి ఈక తీసి, కిటికీ కాడ ఎండలో పట్టుకోని తిప్పి తిప్పి సూసినాడు. "ఉరుకుందూ, దీనికి ఈ పచ్చరంగు యాడిదిరా?" అన్నాడు. ఆయన నేతగాడు మామా, రంగు ఆయన కంటికి ఎట్ల తప్పుతాది.

నాకు ఎప్పుడూ ఎవరి ముందూ మాట రాదు. నిన్న వచ్చింది. "పీర్ల సావిడికి రంగు ఏసినారంట నాయనా, ఆడికి పోయి వాలినాడంట" అన్నా. ఆయన శానాసేపు నా మొగమే సూసినాడు. నేను కూడా సూసినా, దించలేదు. తరవాత "అల్లరోడు" అని నవ్వి ఈకను మళ్లా దిండు కింద పెట్టుకున్నాడు. సూదికి సెయ్యి సాపినాడు.

బెల్లమ్మ ఈక కూడా సూడల్లంటాండాడు. వారం వారం ఈకలు పంపు మామా. కిర్సనాయిల్లో గుడ్డ ముంచి తుడిస్తే ఆ రంగు పోతాది, జిన్నులో మెకానిక్కాయన సెప్పినాడు. తుడిసి, ఎండలో ఆరబెట్టి, వాసన పోయినాక పంపు. నాయన ముక్కు కాడ పెట్టుకుంటాడు.

నీ మేనల్లుడు
ఉరుకుందు